నోటికి కాపలా

“మౌత్ అన్నడు. నా చెవులార ఇన్న. తయారై ఉన్నదన్నడు. ఇగ నాతోని అబద్ధమాడకు మంజులా!”

బక్కమ్మ గడపకు అడ్డంగా కూర్చొని ఉంది. ఆమె ఒడిలో కొడుకు శ్వాసయంత్రం. గోడ ప్లగ్గు నుండి ఊడబెరికిన తీగ మోకాళ్ళ మీదుగా వాకిట్లోకి చచ్చిన పాములా వేలాడుతున్నది.

మధ్యాహ్నపు గంట కొట్టగానే బడి నుండి వచ్చిన మంజులత చేతులకు సుద్దపొడి ఇంకా వదలలేదు. అత్తగారి ముఖం కన్నా ముందు ఆమె చూపు యంత్రం మీద పడింది.

“ముందు ఆ మిషను కింద పెట్టు అత్తమ్మా. అది మనది కాదు. నెలరోజులకని నమ్మి ఇచ్చిన్రు హైదరాబాదు దవాఖానోళ్ళు.”

“నమ్మి ఇచ్చిన్రా, మౌతును డబ్బల వెట్టి పంపిన్రా? మూడు వారాలు కొట్టినవు గద నా కొడుకు ముక్కులకు గాలి. ఏం ఒరిగింది? నా కొడుకు పోతాండని ఊరంతటికీ ఎర్కనే. కన్నదానికి ఒక్కదానికే దాస్తున్నవా?”

“ఎవరన్నరు పోతాండని?”

“చోటే మియా అన్నడు. ఫోను పట్టుకొని అన్నడు.”

మంజులత వెంటనే వెనక్కి తిరిగింది. వీధికి అవతలి వైపున్న టెలిఫోను బూత్ దగ్గరికి వెళ్ళి చోటే మియాను వెంటబెట్టుకొని వచ్చింది. నేరమేదో తెలియకపోయినా చేసి ఉంటాననుకొనే మనిషి అతను. సిగరెట్టు డబ్బా చించి దాని వెనుక ఉర్దూలో రాసుకున్న కబురును రెండు చేతులతో పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.

“చదువు భాయ్. ఉన్నదున్నట్టు చదువు.”

“పాలమూరు పళ్ళ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది టీచరమ్మా. ‘ఇస్రాయేలు మౌత్ గార్డ్ తయారైంది, రేపు పొద్దుగాల వచ్చి తీస్కపోండి.’ గంతే. విన్నది రాసిన, రాసింది చదివిన. ఫరక్ లేదు.”

“విన్నవా!” అని బక్కమ్మ యంత్రాన్ని మరింత గట్టిగా పొదువుకొన్నది. “మౌతు తయారైందట. దాని ఎంట కాపలాకు గార్డు గూడనట.”

“నేను గూడ పరేషాన్ అయిన,” అన్నాడు చోటే మియా గొంతు తగ్గించి. “మా దిక్కు ప్రాణం తీస్కపోయే ఫరిష్తా పేరు ఇజ్రాయీల్. ఇక్కడ పేరేమో ఇస్రాయేలు, మాటేమో మౌత్. మౌత్ అంటే చావు గద టీచరమ్మా! పెద్దమ్మ వాకిట్ల కనపడింది, చెప్పేసిన.”

మంజులతకు నవ్వు రావలసిన చోట అలసట వచ్చింది. “అది ఉర్దూ మాట కాదు భాయ్, ఇంగ్లీషు మాట. ఇంగ్లీషులో మౌత్ అంటే నోరు. నిద్రలో నోరు తెరుచుకోకుండ పళ్ళకు తొడిగే రబ్బరు తొడుగు అది. గంతే.”

“అల్లా! నోరా?” చోటే మియా తన నోటినే తడుముకొన్నాడు. “గీ ఇంగ్లీషోళ్ళకు పేరు పెట్టనీకె వేరే మాట దొరకలేదా?”

కానీ బక్కమ్మ ముఖంలో గీత కూడా సడలలేదు.

“నోటిని నోరంటరు. మౌతును మౌతంటరు. చదువుకోకపోయినా నాకు గంత తెల్వదా? ఒక్క మాటకు రెండు అర్థాలు చెప్పేటోళ్ళు వకీళ్ళన్న కావాలె, దొంగలన్న కావాలె.”

“నేను రెండూ కాదు అత్తమ్మా.”

“మరి నా కొడుకును లేపి అడుగుదాం పా.”

లోపల ఇస్రాయేలు అన్నం ముందు కూర్చొని ఉన్నాడు. కుడిచేయి కంచంలో ఉంది. కలిపిన ముద్ద వేళ్ళ మధ్యనే ఉంది. తల గుండె మీదికి వాలి, నోరు తెరిచి, గురక పెడుతున్నాడు. ఇంత రాద్ధాంతం గడప మీద జరుగుతున్నా ఆ మనిషికి మెలకువ లేదు.

“సూడు,” అంది బక్కమ్మ కోడలి చెవిలో. “గదే మౌతు. మెల్లగ వస్తాంది.”

*

ఇస్రాయేలు జడ్చర్ల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో పనివాళ్ళ బస్సు నడిపేవాడు. రెండు నెలల కిందట ఒక సాయంత్రం ఆ బస్సు మలుపు తిరగక నేరుగా ఆముదపు చేనులోకి దిగింది. ఎవరూ చావలేదు. నర్సింగమ్మ అనే కూలీకి చేయి విరిగింది. మేనేజరు అమరేందర్ మరునాడే కాగితం రాశాడు: డ్రైవరు తాగి నడిపాడు.

బజారుకు అంతకన్నా ఏం కావాలి? ‘మందుల ఫ్యాక్టరీ డ్రైవరు మందు కొట్టక మజ్జిగ తాగుతడా’ అని చాయ్ హోటలు ముందు నవ్వుకొన్నారు.

హైదరాబాదు డాక్టరు మాత్రం వేరే మాట చెప్పాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతున్నదనీ, ఒక్క రాత్రిలో వందలసార్లు మెదడు ఉలిక్కిపడి లేస్తున్నదనీ, ఆ మనిషికి ఏళ్ళుగా సరైన నిద్రే లేదనీ అన్నాడు. ముక్కుకు తొడుగు వేసి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా చూసే యంత్రాన్ని ఇచ్చాడు. అది పని చేసిందని తేలితే, నిద్రమత్తుకు కారణం జబ్బే తప్ప తాగుడు కాదని సంతకం చేసి ఇస్తానన్నాడు.

విచారణ వచ్చే సోమవారం. మూడు వారాలు గడిచినా ఇస్రాయేలు కంచం ముందే నిద్రపోతున్నాడు.

మంజులత అనుమానం అత్తగారి అనుమానం కన్నా లోతైనది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ప్రతి ఉదయం కూజా ఖాళీగా ఉండేది. ఇస్రాయేలు లేస్తూనే నాలుక అంగిలికి అతుక్కుపోయినవాడిలా చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. ఆ దాహం ఆమెకు కొత్త కాదు. ఆమె తండ్రి కూడా అలాగే తాగేవాడు. రాత్రి సారా తాగినవాడికి తెల్లవారి కూజా చాలదని ఆమె ఆరేళ్ళ వయసులోనే నేర్చుకొన్నది. ఆ పాఠం చెప్పినవాడు చచ్చిపోయాడు గానీ, పాఠం మరుపుకు రాలేదు.

గత ఆదివారం మధ్యాహ్నం ఆమె భర్తకు యంత్రం తొడిగి పడుకోబెట్టింది. నిద్ర పట్టాక దీపపు వత్తి నుండి దూదిపింజ ఒకటి పీకి అతని పెదవుల ముందు పట్టుకొన్నది. పింజ గిర్రున ఎగిరిపోయింది. మళ్ళీ పట్టుకొన్నది. మళ్ళీ ఎగిరిపోయింది. ముక్కులో పోసిన గాలి గొంతును నిలబెట్టకుండా తెరిచిన నోటి గుండా బయటికి పోతున్నది.

డాక్టరుకు ఫోను చేస్తే ఆయన మెచ్చుకొన్నాడు. “పంచరైన ట్యూబుకు గాలి కొడితే నిలుస్తుందా అమ్మా? నోరు ఎండిపోవడం, తెల్లవారి దాహం, పగటి మత్తు, అన్నీ దాంతోనే. ముక్కు బాగానే ఆడుతున్నది కాబట్టి పళ్ళ తొడుగు పెట్టి చూద్దాం. దవడ జారకుండా పట్టుకుంటుంది.”

మరునాడే ఇద్దరూ పాలమూరు వెళ్ళి పళ్ళ అచ్చు ఇచ్చి వచ్చారు. ఋజువు కళ్ళముందు ఎగిరింది. అయినా మంజులత మనసు పూర్తిగా కుదుటపడలేదు. నోట్లోంచి గాలి పోతున్న మాట నిజమే. నోట్లోకి ఇంకేమీ పోవడం లేదని దూదిపింజ చెప్పదు గదా!

*

గురువారం పాలమూరులో పళ్ళ డాక్టరు తొడుగును ఇస్రాయేలు నోట్లో అమర్చి, రెండుసార్లు తీసి, అంచులు అరగదీసి, మళ్ళీ పెట్టాడు. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి జాగ్రత్తలు చెప్పాడు. చల్లనీళ్ళతోనే కడగాలి. వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన నాడు పెట్టుకోవద్దు, ఊపిరికి దారి ఉండదు. మంజులత ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకొన్నది.

తిరుగు బస్సులో ఇస్రాయేలు కిటికీ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా అతని ఎడమచేయి తెలియకుండానే కదులుతున్నది.

“నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడ్తరు,” అన్నాడు. “గింజ తినకుండ. నాకు గూడ కట్టించినవ్ మొత్తానికి.”

“ఎద్దుకు కట్టేది నోరు కట్టనీకె. నీకు పెట్టింది ఊపిరి నిలబెట్టనీకె.”

“మంచిగ చెప్పినవ్ టీచరమ్మా. మరొకటి అడుగుత, దానికి గూడ గంతే మంచిగ చెప్పు. ఆ దినం నేను తాగలేదని నువ్వు నమ్ముతున్నవా?”

బస్సు ఒక గుంటలో పడి లేచింది. వెనుక ఎవరిదో కోడి బుట్టలో అరిచింది.

“డాక్టరు రాసిస్తనన్నడు గద,” అంది మంజులత.

“నేను డాక్టరును అడుగలె.”

ఆమె చేతిలోని డబ్బీ మూత బిగించింది. అది ముందే బిగించి ఉంది. ఇస్రాయేలు ముఖం కిటికీ వైపు తిప్పుకొన్నాడు.

*

ఆ రాత్రి ఇస్రాయేలు తొడుగు పెట్టుకొని, తల్లి నుండి తిరిగి తీసుకొన్న యంత్రంతో పడుకొన్నాడు. శుక్రవారం ఉదయం మంజులత లేచి ముందుగా కూజా దగ్గరికి వెళ్ళింది. మూత తీసి చూసింది. రాత్రి నింపిన నీళ్ళు అంచుదాకా అలాగే ఉన్నాయి.

శనివారమూ అంతే.

ఇస్రాయేలు పగలంతా మేలుకొని ఉన్నాడు. చేతికి పని దొరకక ఇంటి తలుపు బందులకు నూనె వేశాడు, అరుగు మీది పెంకులు సర్దాడు, తల్లితో అకారణంగా పోట్లాడాడు. ఏడేళ్ళ తరువాత ఆదివారపు ప్రసంగం మొదటి నుండి చివరిదాకా విన్నాడు. గుడి మెట్లు దిగుతుంటే పాస్టరుగారే నిలబెట్టి అడిగారు:

“ఏం ఇస్రాయేలూ, ఒంట్లో బాగాలేదా? ఇయ్యాల నీ గురక వినపడలేదు. ఎక్కడ ఆపాలో తెలియక ప్రసంగం పొడుగైంది.”

ఆ నవ్వులో మంజులత కూడా కలిసింది. బక్కమ్మ కలవలేదు. ఆమె చూపు కొడుకు జేబులోని నీలం డబ్బీ మీదే ఉంది.

శనివారం నాడే డాక్టరు ఉత్తరం చోటే మియా ఫ్యాక్సు యంత్రంలో మెరిసే కాగితం మీద దిగింది. బస్సు అప్పగించవచ్చా లేదా అన్నది నెల తరువాత మళ్ళీ పరీక్షించి చెబుతానన్నాడు. కానీ ఈ నిద్రమత్తు జబ్బు వల్ల వచ్చిందనీ, పాతదనీ, చికిత్సకు లొంగుతున్నదనీ స్పష్టంగా రాశాడు. తాగుబోతు అన్న ముద్రతో పనిలోంచి తీసేస్తే మరే యజమానీ స్టీరింగు అప్పగించడు. ఆ ఒక్క ముద్ర తుడిస్తే చాలు. మంజులత ఆ కాగితాన్ని బైబిలులో పెట్టింది.

సోమవారం తెల్లవారింది.

ఆమె పెరటి తలుపు తీసేసరికి గౌండ్ల అంజన్న వెనుక సందులోంచి వెళ్ళిపోతూ కనబడ్డాడు. భుజాన తాటిచెట్టెక్కే మోకు, చేతిలో కల్లు లొట్టి. ఈ ఇంటి వెనుక అంజన్నకు పనేమిటి?

మంజులత వెనక్కి తిరిగి చూసింది. ఇస్రాయేలు బావి దగ్గర పళ్ళు తోముకొంటున్నాడు. తొడుగు అప్పుడే కడిగినట్టుంది, డబ్బీ మూత తెరిచి వంటింటి గూట్లో ఆరుతున్నది. బక్కమ్మ పొయ్యి దగ్గర చెంబు తోముతున్నది. ఆ వేళలో చెంబు తోమడం ఆమెకు అలవాటు లేదు.

“అంజన్న ఎందుకొచ్చిండు అత్తమ్మా?”

బక్కమ్మ జవాబివ్వలేదు. చేయి అడ్డంగా ఊపింది. అంతే.

“నిన్నే అడుగుతున్న.”

మళ్ళీ చేయి ఊపు. నిన్నటిదాకా మూడు వీధులకు వినబడ్డ ఆ నోరు ఈ ఉదయం మూతబడింది. అలిగిందనుకొన్నది మంజులత. విచారణకు తానూ వస్తానని బక్కమ్మ సైగతోనే చెప్పి, ఉతికిన చీర కట్టుకొని, డబ్బీని తన చేతులతోనే మూత బిగించి కొడుకు జేబులో పెట్టింది. మౌతని తిట్టిన వస్తువును ఇంత ముద్దుగా ఎందుకు పట్టుకొన్నదో కోడలికి అంతుపట్టలేదు.

బయలుదేరే ముందు మంజులత భర్త చొక్కా కాలరు సర్దింది. సర్దుతూ ముఖం దగ్గరగా పెట్టింది.

ఇస్రాయేలు కదలకుండా నిలబడ్డాడు. ఆమె సర్దడం అయ్యాక అడిగాడు.

“ఏం వాసన వచ్చింది?”

ఆమె చెంపలు మండాయి. “పళ్ళపొడి.”

“ఇంక జర దగ్గరికొచ్చి చూడు. మల్ల మనసుల పెట్టుకోవద్దు.”

“పోదాం పా. ఆలస్యమైతది,” అంది మంజులత.

*

అమరేందర్ గదిలో బల్ల కన్నా గాజుపలక మెరుపు ఎక్కువ. గోడకు ఆనుకొని నర్సింగమ్మ నిలబడి ఉంది. కట్టు విప్పినా ఆమె కుడిచేయి ఇంకా పూర్తిగా చాపరావడం లేదు. బక్కమ్మ లోపలికి రాలేదు. బయట సైకిళ్ళ షెడ్డులో, కిటికీకి ఎదురుగా కూర్చున్నది.

అమరేందర్ డాక్టరు ఉత్తరాన్ని చదివాడు. పక్కన పెట్టాడు.

“నిద్రల ఊపిరి ఆగుతదట. మరి ఇన్నేండ్లు ఎట్ల బతికినవయ్యా?”

“గట్లనే సార్. సగం సగం.”

“పెద్ద డాక్టర్లు పెద్ద పేర్లు పెడ్తరు. తాగినోడు గూడ నిద్రనే పోతడు. రెండింటికి తేడా నాకెట్ల తెలుస్తది?”

“ఆ రోజు ఈయన రెండు షిఫ్టులు నడిపిండు సార్,” అంది మంజులత. “పొద్దున ఐదింటికి ఎక్కినవాడు సాయంత్రం ఏడింటికి గూడ దిగలేదు. నిద్ర వస్తున్నదని రెండుసార్లు చెప్పిండు. మీ కాగితంల ఆ మాట ఎక్కడా లేదు. ఎందుకు?”

అమరేందర్ ఆమె వైపు మొదటిసారి సరిగా చూశాడు. “టీచరమ్మా, విచారణ నేను చేస్తున్ననా, మీరు చేస్తున్నరా?”

“న్యాయం ఎవరు చేసినా సరే సార్. జరిగితే చాలు.”

నర్సింగమ్మ ముందుకు జరిగింది. “సారూ, నన్నడుగున్రి. నేను ఈయన ఎనుక సీట్లనే ఉంటి. ఇరిగింది నా చెయ్యి, ముక్కు గాదు. ఆ దినం ఏ వాసనా లేకుండె. కండ్లు మూతలు వడుతుంటే నేనే రెండుసార్లు భుజం తట్టిన. నా చేతికి ఖర్చు ఎవలిస్తరో అది వేరే ముచ్చట. లేని వాసన ఉన్నదని మాత్రం నేను అనను.”

మంజులతకు ప్రాణం లేచి వచ్చింది. రెండు నెలలుగా తాను తూచిన దాన్ని చేయి విరిగిన మనిషి ఒక్క మాటలో తేల్చి చెప్పింది.

అమరేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “సరే. ఆ తొడుగేదో పెట్టుకుంటే మంచిగున్నదని రాసిన్రు గద. చూపెట్టు.”

ఇస్రాయేలు ఉత్సాహంగా జేబులోంచి నీలం డబ్బీ తీశాడు. “గిదే సార్. పెట్టుకొని చూపిస్త.” డబ్బీని బల్ల మీద పెట్టి మూత తీసి, చూడకుండానే, అలవాటైన చేత్తో తొడుగును నోట్లో పెట్టుకొన్నాడు.

మరుక్షణం అతని ముఖం మారిపోయింది.

గదినిండా పుల్లటి వాసన. ఎండలో ఒక పూట నిలవున్న కల్లు వాసన. పాలమూరు జిల్లాలో పుట్టినవాళ్ళెవరికీ దాని పేరు వేరే చెప్పనక్కరలేదు.

మొదట మాట్లాడినది నర్సింగమ్మే. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది. “ఆ దినం లేకుండె సారూ. ఇయ్యాల వస్తాంది. అది గూడ చెప్పాలె గద.”

“బాటిల్ ఇంట్ల దాస్తరని తెలుసు,” అన్నాడు అమరేందర్ తాపీగా. “డబ్బీల పోసుకొని విచారణకే తెచ్చెటోన్ని ఇప్పుడే చూస్తున్న.”

ఇస్రాయేలు తొడుగు ఉమ్మేసి అరచేతిలో పట్టుకొన్నాడు. అతను మేనేజరు వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

“మంజులా, పొద్దుగాల నువ్వే చూసినవ్ గద. చెప్పు. నేను తాగిననా?”

ఆమె కళ్ళముందు సందులో అంజన్న వీపు కదిలింది. ఆరేళ్ళ వయసునాటి ఖాళీ కూజా కదిలింది. ఆమె చూపు అతని పెదవుల మీదికి పోయింది.

“నువ్వు గూడానా?” అన్నాడు ఇస్రాయేలు. చాలా మెల్లగా అన్నాడు.

ఆ మాటకు ఆమెలో ఏదో తెగింది. బల్ల మీది డబ్బీని చేతిలోకి తీసుకొన్నది. బడిపిల్లల లెక్క సరిచూసినంత శ్రద్ధగా దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. అడుగున తెల్లటి కల్లు చుక్కలు. మూత లోపలి అంచుకు పచ్చటి పసుపు. పసుపుకు అతుక్కొని ఒక వేపరెమ్మ ఆకు.

తాగేవాడు కల్లులో పసుపు కలుపుకోడు. వేపాకు వేసుకోడు.

పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె చూసింది. ఇస్రాయేలు చిన్నతమ్ముడికి జ్వరం తలకెక్కితే బక్కమ్మ పొలిమేరలోని మైసమ్మ దగ్గరికి పోయి, పసుపు చల్లి, వేపాకుతో కల్లు ధార పోసింది. సాక అంటారు దాన్ని. ‘ఇది తాగి చల్లబడు తల్లీ, నా పిల్లగాన్ని ఇడిచిపెట్టు’ అని మొక్కడం. బాప్తిస్మం పొంది ముప్పై ఏళ్ళైనా, ప్రాణం మీదికి వస్తే ఆ ముసలిదాని చేయి తెలిసిన దేవత వైపే పోతుంది. ఇంట్లోకి వచ్చిన మౌతుకు సాక పోసి, కొడుకును వదిలిపొమ్మని అడిగింది!

“సార్,” అంది మంజులత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “ఇది తాగిన కల్లు కాదు. పోసిన కల్లు.”

“పోసిందా? ఎవరు పోసిండ్రు?”

“మా అత్తమ్మ. బయటనే ఉన్నది. ఆమె నోటితోనే వినండి.”

“వింట. ఆమె తానుగ ఒప్పుకుంటే రాసుకుంట. మీరు చెప్పింది మాత్రం రాయను. మొగని కొలువు కోసం పెండ్లాలు ఎన్నైనా చెప్తరు.”

మంజులత దాదాపు పరుగెత్తింది. బక్కమ్మను చేయి పట్టి లేపి తెచ్చి గది వాకిలిలో నిలబెట్టింది. డబ్బీని ఆమె కళ్ళముందు పట్టింది.

“అత్తమ్మా, ఇందుల కల్లు పోసింది నువ్వే గద? సారుకు ఒక్క మాట చెప్పు. నీ కొడుకు కొలువు పోతది.”

బక్కమ్మ కళ్ళు కొడుకును చూశాయి, బల్లను చూశాయి. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకొన్నది.

“అమ్మా, చెప్పే!” అన్నాడు ఇస్రాయేలు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

అప్పుడు మంజులతకు అర్థమైంది. అలక కాదు. తెల్లవారినప్పటి నుండి ఆమె నోరు మూసుకొన్నది అలక వల్ల కాదు. చిన్నతమ్ముడి జ్వరం నాడు కూడా ఆమె అలాగే ఉన్నది. సాక పోసినవాళ్ళు మూడు పొద్దులు ఆ మాట నోట అనకూడదన్నది వాళ్ళ ఇంటి పట్టింపు. అంటే, మళ్ళించిన ఆపద వచ్చిన దారినే గడప తొక్కుతుంది.

“అత్తమ్మా.” మంజులత ఆమె రెండు భుజాలూ పట్టుకొన్నది. “మౌత్ అంటే నోరు. నేను నీకు అబద్ధం చెప్పలె. దేవుని తోడు, ఒట్టి నోరే. ఒక్కసారి తెరువు.”

బక్కమ్మ కళ్ళ నుండి నీళ్ళు ధారగా కారి కొంగును తడిపాయి. కొంగు వెనుక పెదవులు కదిలినట్టే కదిలి, పళ్ళ కింద బిగుసుకొన్నాయి. కోడలిని ఆమె నమ్మాలనే ఉంది. నమ్మి నోరు విప్పాక అది నోరు కాదని తేలితే, పోయేది కొలువు కాదు, కొడుకు.

“ఎంతసేపు?” అన్నాడు లోపలి నుండి అమరేందర్.

గాజుపలక మీద తెల్లకాగితం పరిచిన చప్పుడు వినబడింది. తరువాత కలం మూత తీసిన చప్పుడు.